తీరిక లేని ఇంట తేలికైన వంట

మందు అడగడానికి వచ్చేవారు అనేకులు. ఏమి వండుకొని తినాలో అడగడానికి వచ్చేవారు అరుదు. ముప్పది యేండ్లుగా నేను వైద్యము చేస్తున్న ఈ చిన్న పట్టణములో అజీర్ణము, మలబద్ధకము, కడుపులో మంట, నీరసము అని చెప్పుకొనే గృహస్థులకు నేనిచ్చిన చూర్ణముల కన్న, వారి వంటయింటి పద్ధతిని కొంచెము సవరించడము వలననే ఎక్కువ గుణము కనిపించింది. అయితే ఈ సవరణ చెప్పగానే వచ్చే సమాధానము ఒక్కటే. “చేసుకోవడానికి తీరిక ఎక్కడుందండీ?”

ఆ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. భార్యాభర్తలు ఇద్దరూ ఎనిమిది గంటలకు గడప దాటవలసిన ఇంట, పిల్లల బడి బస్సు ఏడున్నరకే వచ్చే ఇంట, నాలుగు కూరలు, రెండు పచ్చళ్ళు, వేపుడు, పిండివంట అని ఉపదేశించడము వైద్యము కాదు. పత్రికలలో అచ్చయ్యే కొన్ని “ఆరోగ్య వంటకముల”కు ఇరువది దినుసులు కావాలి. అవి సమకూర్చేసరికే వండే ఇల్లాలికి ఆయాసము వస్తుంది. అందుచేత ఈ వ్యాసములో కొత్త వంటకములు చెప్పడము లేదు. మన ఇండ్లలో ఎప్పటినుండో ఉన్న అన్నము, పప్పు, కూర, చారు, మజ్జిగలనే తక్కువ శ్రమతో, ఎక్కువ గుణముతో ఎట్లు అమర్చుకోవచ్చునో వివరిస్తాను.

శాస్త్రము ఏమి చెప్పింది

చరక సంహితలో విమానస్థానము మొదటి అధ్యాయములో భోజన నియమములు ఉన్నాయి. ఆహారము వేడిగా ఉండవలెను, కొంచెము నెయ్యియో నూనెయో కలిసి ఉండవలెను, మితముగా ఉండవలెను, ముందు తిన్నది జీర్ణమైన తరువాతనే తినవలెను, పరస్పర విరుద్ధములైన పదార్థములు కలపరాదు, అనుకూలమైన చోట కూర్చుని, మరీ త్వరగానూ మరీ నిదానముగానూ కాక, మాటలలోనూ నవ్వులలోనూ పడక, మనసు పెట్టి తినవలెను. ఇందులో ఖరీదైనది ఏదీ లేదు. వేడిగా, మితముగా, ఆకలి అయినప్పుడు తినమన్నారే గాని, పలు రకములు తినమనలేదు. సూత్రస్థానములో నిత్యము తినదగినవని చెప్పినవాటిలో వరి అన్నము, పెసలు, సైంధవ లవణము, ఉసిరిక, యవలు, పాలు, నెయ్యి, తేనె మొదలైనవి ఉన్నాయి. కాయధాన్యములు అన్నిటిలో పెసలే శ్రేష్ఠమని కూడ చరకుడు నిర్ణయించాడు. పొద్దున్నే పరుగెత్తే ఇల్లాలికి ఇది ఎంత మేలైన మాటయో చూడండి. నానబెట్టకపోయినా త్వరగా మెత్తబడే పప్పు పెసరపప్పు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకములు, రోజుకు రెండువేల కిలోకాలరీలు అవసరమయ్యే మనిషికి ధాన్యము 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండవలెనని లెక్క చెప్పాయి. ఈ లెక్కను మీ ఇంటి కంచముతో పోల్చుకోండి. మన కంచములో అన్నము కొండ, కూర దాని అంచున గోరంత, పప్పు నీళ్ళు నీళ్ళుగా ఒక గరిటె. దోషము అన్నములో లేదు, పాళ్ళలో ఉంది. వరి అన్నములో తక్కువగా ఉండే లైసిను అనే మాంసకృత్తుల అంశము పప్పులో పుష్కలముగా ఉంటుంది. పప్పులో తక్కువైనది అన్నములో ఉంటుంది. రెండూ ఒకే రోజు తిన్నవారికి ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది.

ఈ సంస్థ చరిత్ర మన వంటకు సంబంధించినదే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధన కొరకు ఒక చిన్న విభాగముగా దీనిని ఆరంభించాడు. 1958లో ఇది హైదరాబాదుకు తరలి వచ్చింది. తెల్లగా మరపట్టిన బియ్యములో థయమిను అనే విటమిను లోపించడమే బెరిబెరికి మూలము. ఇప్పుడు ఆ వ్యాధి అరుదే గాని, బియ్యమును నాలుగైదు మార్లు రుద్ది కడగడము, గంజి వార్చి పారబోయడము అనే అలవాట్లు చాలా ఇండ్లలో మిగిలి ఉన్నాయి. రెండుమార్లు తేలికగా కడిగి, సరిపడు నీటితో అత్తెసరు పెట్టుకొంటే వార్చే శ్రమ తప్పుతుంది, సారమూ మిగులుతుంది. గంజి వార్చే అలవాటున్నవారు ఆ గంజిలో ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగడము మంచిది.

వేళలు కుదించుకోవడము

శ్రమ ఎక్కడ ఎక్కువవుతున్నదో ముందు తెలుసుకోవాలి. ఉదయము ఉపాహారము ఒక వంట, మధ్యాహ్నమునకు డబ్బాలలోకి మరొక వంట, సాయంకాలము పిల్లలకు చిరుతిండి, రాత్రికి మళ్ళీ చపాతీలో ఉప్మాయో. అంటే రోజుకు నాలుగు మార్లు పొయ్యి. ఇది మన పెద్దల పద్ధతి కానే కాదు. వ్యవసాయ కుటుంబములలో ఉదయము అంబలియో చద్దన్నమో త్రాగి పొలము వెళ్ళేవారు. ఉత్తరాంధ్రలో చోడి అంబలి, సీమలో రాగి సంగటి, తెలంగాణములో జొన్నరొట్టె లేక గటక. ఈ చోళ్ళు, రాగులు, తైదలు మూడూ ఒకే ధాన్యము, పేర్లే వేరు. ఇడ్లీని నేను నిందించను. ఆవిరిమీద ఉడికినది, పులిసినది, సులభముగా జీర్ణమయ్యేది. ఒకసారి రుబ్బిన పిండి చల్లని పెట్టెలో మూడు రోజులు నిలుస్తుంది కనుక వారములో మూడు ఉదయములు ఇడ్లీకి కేటాయించవచ్చును. మిగిలిన దినములలో మధ్యాహ్నమునకు వండే అన్నము పప్పులలోనే ఒక భాగము ఉదయము వేడివేడిగా నేతితో తినిపించడమో, రాగి జావ కాచి ఇవ్వడమో చేయండి. పిల్లలు బడికి ఖాళీ కడుపుతో పోవడము కన్న పప్పన్నము తిని పోవడము నూరుపాళ్ళు మేలు. “పొద్దున్నే అన్నమా?” అని పట్టణములో కొందరు మూతి విరుస్తారు. ఆ విరుపునకు శాస్త్రములో ఆధారము లేదు.

ఇప్పుడు ఉదయపు వంట. కుక్కరు అడుగున రెండు గ్లాసుల నీరు పోసి, క్రింది గిన్నెలో కడిగిన కందిపప్పు లేక పెసరపప్పు, చిటికెడు పసుపు, రెండు చుక్కల నూనె, దానిపై గిన్నెలో బియ్యము, అన్నిటి పైన చిన్న గిన్నెలో గట్టి కూరలు అమర్చండి. గోరుచిక్కుడు, బీన్సు, క్యారట్టు, కంద వంటివి ఇందుకు తగినవి. బీర, సొర, పొట్ల వంటి నీటి కూరలు ఇందులో పెడితే మరీ మెత్తబడి రూపు చెడతాయి. వాటిని బాణలిలో మూతపెట్టి మగ్గనిస్తే పది నిమిషములలో అవుతాయి. మూడు నాలుగు కూతలు వచ్చిన వెంటనే పొయ్యి ఆపి, ఆవిరి దానంతట అది దిగే వరకు తెరవకండి. ఆ లోపలి వేడికే పప్పు ఉడుకుతుంది, వంటవాయువు ఆదా అవుతుంది. చింతపండు, టమాట, మామిడికాయ వంటి పులుపులను మాత్రము పప్పు ఉడికిన తరువాతనే చేర్చండి. పులుపు తగిలితే పప్పు గింజ మెత్తబడడానికి ఆలస్యము చేస్తుంది.

ఉడికిన పప్పుపై తేలే నీరు, అదే కట్టు, రెండు గరిటెలు విడిగా తీసి, చింతపండు పులుసు, చారుపొడి కలిపి పది నిమిషములు మరిగిస్తే చారు సిద్ధము. మిగిలిన పప్పులో తరిగిన తోటకూర, పాలకూర లేక మెంతికూర వేసి ఐదు నిమిషములు ఉడికించి తిరగమోత వేస్తే పప్పు, కూర రెండూ ఒక గిన్నెలో అయినట్లే. ఆకుకూర అంటే మొగము తిప్పుకొనే పిల్లలు సైతము పప్పులో మెదిపిన ఆకును గుర్తింపరు.

రాత్రి పడుకొనే ముందు పావుగంట పని చేసుకొంటే ఉదయము అరగంట మిగులుతుంది. ఆకుకూరలు వలిచి, కాయగూరలు కడిగి ఆరబెట్టి ఉంచండి. తరుగుట మాత్రము ఉదయమే మంచిది. కోసి గంటల తరబడి ఉంచిన కూరలలోనూ, కోసిన తరువాత కడిగిన కూరలలోనూ కొంత విటమిను నశిస్తుంది. చిక్కుళ్ళు, బఠాణీలు వలవడము ఎనిమిదేండ్ల బాలుడు కూడ చేయగల పని. వాడు మగపిల్లవాడు కదా అని మినహాయింపు ఇవ్వకండి.

నిలువ ఉండే సహాయకులు

ఒక్క ఆదివారము గంటసేపు వెచ్చించి మూడు పొడులు చేసి పెట్టుకొంటే వారమంతా ధైర్యము. చారుపొడికి ధనియాలు 100 గ్రాములు, కందిపప్పు 50 గ్రాములు, మిరియాలు 25 గ్రాములు, జీలకర్ర 25 గ్రాములు, ఎండుమిరపకాయలు ఎనిమిది, అరచెంచా మెంతులు, గుప్పెడు కరివేపాకు. నూనె లేకుండ సన్నని సెగపై విడివిడిగా వేయించి, చల్లారిన తరువాత దంచి, తడి లేని గాజు సీసాలో ఉంచితే నెల రోజులు నిలుస్తుంది. మిరియాలు, జీలకర్ర అగ్నిని పెంచి వాతమును అణచుతాయి. వర్షకాలములో జలుబు, ఒళ్ళు నొప్పులు ఉన్నప్పుడు ఈ పొడితో కాచిన పలుచని చారు వేడిగా త్రాగితే ఉపశమనముగా ఉంటుంది.

రెండవది కరివేపాకు పొడి. కరివేపాకును నీడన ఆరబెట్టి, వేయించిన మినపప్పు, శనగపప్పు, ధనియాలు, జీలకర్ర, కొద్దిగా చింతపండు, వెల్లుల్లి, ఉప్పు కలిపి దంచుకోవాలి. సగము కరివేపాకుకు బదులు నీడన ఆరిన మునగాకు వేస్తే మరీ మంచిది. మూడవది నువ్వుల పొడి. ఎముకల పుష్టికి నువ్వులలోని కాల్షియము ఉపకరిస్తుంది. అయితే నువ్వులలో నూనె ఎక్కువ గనుక త్వరగా కమరు వాసన పడుతుంది. పదిహేను రోజులకు సరిపడునంత మాత్రమే చేసుకోండి. పిత్త తత్త్వము గలవారు, వేసవిలో అందరూ, దీనిని తగ్గించి వాడాలి.

పొయ్యి వెలిగించే ఓపికే లేని రోజున తెలంగాణము వారి పచ్చిపులుసును గుర్తుంచుకోండి. చింతపండు రసములో సన్నగా తరిగిన ఉల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి వేసి చేతితో నలిపి, ఇష్టమైతే తిరగమోత పెట్టండి. ఉడకబెట్టే పని లేదు. వేడి అన్నము, ముద్దపప్పు, పచ్చిపులుసు ఉంటే అది సంపూర్ణ భోజనమే. కడుపులో మంట ఉన్నవారు మాత్రము దీని జోలికి పోకుండ మజ్జిగతో తృప్తి పడాలి.

ఇల్లాలి కంచము

ఇన్ని చెప్పిన తరువాత అసలు విషయమునకు వస్తాను. రెండేండ్ల క్రిందట ఒక ఉపాధ్యాయిని నా వద్దకు వచ్చింది. వయసు ముప్పదినాలుగు. మెట్లు ఎక్కితే ఆయాసము, జుట్టు రాలడము, సాయంకాలము కాగానే కళ్ళు తిరగడము. బలమునకు ఏదైనా లేహ్యము ఇమ్మని అడిగింది. రక్తపరీక్షలో హిమోగ్లోబిను 8.2 ఉంది. “అమ్మా, నిన్న పొద్దుటినుంచి ఏమేమి తిన్నావో వరుసగా చెప్పు” అన్నాను. ఉదయము టీ. అందరికీ డబ్బాలు కట్టాక నిలబడి రెండు ముద్దలు. బడిలో మిగిలిన ఉప్మా. సాయంకాలము మళ్ళీ టీ. రాత్రి అందరూ తిన్న తరువాత గిన్నె అడుగున మిగిలిన అన్నము, పచ్చడి. కూర? “అప్పటికి అయిపోతుందండీ.” ఇంటిల్లిపాదికీ ఆకుకూర పప్పు వండే ఆమె కంచములోకి ఆ పప్పు రావడము లేదు!

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత దేశములో 57 శాతము, ఆంధ్రప్రదేశములో 58.8 శాతము, తెలంగాణములో 57.6 శాతము ఉన్నట్లు తేలింది. నూటికి యాబది మందికి పైగా! ఇందుకు కారణములు అనేకములు. వాటిలో వంటయింటిలో కళ్ళకు కనబడేది, చివరన తినే అలవాటు.

ఆమెకు లేహ్యముతో సరిపెట్టలేదు. అంత తక్కువ హిమోగ్లోబినుకు ఆహారము ఒక్కటే చాలదు గనుక ఆసుపత్రి వైద్యురాలి వద్దకు పంపి ఇనుము మాత్రలు మొదలుపెట్టించాను. ఋతుస్రావము అధికముగా ఉన్నదేమో చూడమని కూడ వ్రాశాను. భోజనములో నేను చెప్పినవి ఐదే. పప్పుకూర దించిన తరువాత, తినబోయే ముందు అర నిమ్మచెక్క పిండుకోవాలి. ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు, నిమ్మలోని సి విటమిను దానిని పట్టేటట్లు చేస్తుంది, ఆ విటమిను మరిగితే నశిస్తుంది. టీ భోజనమునకు గంట ముందో గంట తరువాతనో త్రాగాలి, ఎందుకంటే అది ఇనుమును అడ్డగిస్తుంది. రోజూ ఒక జామకాయో ఉసిరికాయో తినాలి. గ్రుడ్డు, మాంసము తినే ఇల్లయితే అందులో ఆమెకు సమాన భాగము ఉండాలి. ఇక ఐదవది, రాత్రి భోజనమునకు ఆమె అందరితో పాటు కూర్చోవాలి.

మొదటి నాలుగింటికీ ఇంటివారు తల ఊపారు. ఐదవదానికి అత్తగారు అడ్డు చెప్పింది. “అయ్యగారూ, కోడలు మాతో కూర్చుంటే వడ్డించేదెవరు?” ఆమెది దుర్మార్గము కాదు. ఆమె కూడ జీవితమంతా చివరనే తిన్నది. “అమ్మా, గిన్నెలన్నీ మధ్యలో పెట్టుకోండి. ఎవరికి కావలసినది వారే వడ్డించుకొంటారు. మీ అబ్బాయికి రెండు చేతులూ ఉన్నాయి కదా” అన్నాను. భర్త నవ్వాడు. తరువాత చేశాడు కూడాను. రాత్రి గిన్నెలు సర్దడము, ఉదయము డబ్బాలు కట్టడము అతని పని అయింది. నాలుగు నెలలకు హిమోగ్లోబిను 10.9 అయింది. మాత్రల మహిమ ఎంత, భోజనపు మహిమ ఎంత అని విడదీసి చెప్పలేను. మెట్లు ఎక్కితే ఆయాసము తగ్గిందని మాత్రము ఆమె చెప్పింది.

మిగిలిన అన్నము, రాత్రి భోజనము

నిలువ అన్నమును శాస్త్రము మెచ్చలేదు. దీనికి నేటి శాస్త్రమూ ఒక కారణము చెప్పుతుంది. బియ్యములో ఉండే ఒక జాతి సూక్ష్మజీవి బీజములు ఉడికినా చావవు. అన్నము గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషమును పుట్టిస్తాయి. ఆ విషము మళ్ళీ వేడి చేసినా పోదు. కనుక మిగిలిన అన్నమును వెడల్పు పళ్ళెములో పరచి త్వరగా చల్లార్చి, రెండు గంటల లోపల చల్లని పెట్టెలో ఉంచి, మరుసటి రోజు ఒక్కసారి మాత్రమే పొగలు వచ్చేదాకా వేడి చేసి తినండి. చద్దన్నము వేరు. అది నీటిలో, మజ్జిగలో మునిగి పులిసినది. పులుపు ఆ సూక్ష్మజీవులకు గిట్టదు. దానిని పొద్దున్నే తినేయాలి గాని, డబ్బాలో కట్టి మధ్యాహ్నము దాకా ఉంచరాదు.

రాత్రికి పెరుగు వద్దని చరకుడు అన్నాడు. వెన్న తీసిన పలుచని మజ్జిగలో చిటికెడు శొంఠి, కరివేపాకు వేసి పుచ్చుకోవడము నేను సమ్మతిస్తాను. రాత్రి ప్రధాన భోజనముగా పెసరకట్టు ఎంతో అనుకూలము. పిడికెడు పెసరపప్పును దోరగా వేయించి, ఆరు గ్లాసుల నీటిలో మెత్తగా ఉడికించి మెదిపి, అల్లము, మిరియాలపొడి, జీలకర్ర, ఉప్పు వేసి నేతితో తిరగమోత పెట్టండి. ఇందులో కొద్దిగా అన్నము కలుపుకొని, ఒక కూరతో తింటే గంటన్నర తరువాత నిద్రకు కడుపు బరువు ఉండదు. వండడానికి ఇరువది నిమిషములు చాలును. వాగ్భటుడు కడుపును నాలుగు భాగములు చేసి రెండు అన్నమునకు, ఒకటి ద్రవమునకు, ఒకటి వాయువు తిరగడానికి విడిచిపెట్టమన్నాడు. రాత్రిపూట ఈ లెక్కను తప్పకుండ పాటించండి.

మధుమేహము గల పెద్దలు ఇంట ఉంటే వారికి వేరే వంట అక్కరలేదు. అదే పప్పు, అదే కూర. కంచములో ముందు కూర, పప్పు వడ్డించి, అన్నము సగము తగ్గించి, వీలైన రోజున దాని స్థానములో ఒక జొన్నరొట్టె ఇవ్వండి. రాత్రి నానబెట్టిన మెంతులు చెంచాడు ఉదయము తీసుకొనే అలవాటుంటే, చక్కెర తగ్గించే మాత్రలు వేసుకొనేవారు ఆ సంగతి వైద్యునికి చెప్పి కొనసాగించాలి, ఎందుకంటే రెండూ కలిసి చక్కెరను మరీ తగ్గించవచ్చును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు పప్పు ఎంత తినవలెనో ముందుగా తమ వైద్యుని అడిగి తెలుసుకోవాలి.